పచ్చి ఇంజనుకు పథ్యం

ఆ రోజు పొద్దున్న కోటిరత్నం అనుకున్నది చాలా మామూలు పని. కల్లంలో గోతాల్లో తొక్కి కుట్టి ఉంచిన మిరపకాయ టిక్కీలను ట్రక్కుకు ఎత్తించాలి, దానికి ట్రాక్టరు కట్టించాలి, పొద్దు వాలేలోగా గుంటూరు మిర్చి యార్డులో షెడ్డు కిందకు చేర్చాలి. పడమర మబ్బు పడుతోంది. మార్చి నెలలో మబ్బు పట్టిందంటే మిరప రైతు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. ఒక్క జల్లు తగిలినా ఎర్రగా నిగనిగలాడే కాయ మచ్చ పడి, ధర లేని తాలుకాయల్లో కలిసిపోతుంది. ఆ కల్లంలో ఉన్నది వాళ్ళ ఏడాది కష్టం మొత్తం.

ఇంత మామూలు పనికి అడ్డం ఎవరయ్యా అంటే ట్రాక్టరే. ట్రాక్టరు అప్పటికి బాలింత.

ఈ మాట నేను కల్పించి చెబుతున్నది కాదు, కోటిరత్నం అత్తగారు పుల్లమ్మ అన్నది. పర్చూరు పక్కన నాగులప్పపాలెంలో సగం మంది పుట్టినప్పుడు వాళ్ళ తల్లులకు పథ్యం పెట్టింది పుల్లమ్మే. ఎవరు లేచి నడవాలో, ఎవరు పడుకోవాలో, ఎవరికి ఎప్పుడు వెల్లుల్లి కారం పెట్టాలో ఆవిడ చెప్పాక ఆ ఊళ్ళో డాక్టరు కూడా ఎదురు చెప్పడు. అలాంటి మనిషి చేతిలో ట్రాక్టరు పడటానికి కారణం ఆవిడ కొడుకు చెంచురామయ్య.

చెంచురామయ్య ట్రాక్టరు ముసలిదైపోయి, లోపల రింగులు అరిగి, లోడు లాగలేక మూలిగేది. సంక్రాంతి వెళ్ళాక దాన్ని చిలకలూరిపేటలో సిలార్ షెడ్డుకు తోలుకుపోయాడు. సిలార్ మంచి మెకానిక్కే గానీ, తన పని గురించి తానే చెప్పుకోకపోతే ఆయనకు భోజనం అరగదు. ఇంజను దించి, కొత్త లైనర్లు వేసి, క్రోము పూత పూసిన రింగులు ఎక్కించి, ఇక ఈ జిల్లాలో ఇలాంటి ఇంజను లేదని షెడ్డు బయటికి కూడా వినపడేలా చెప్పాడు.

"కాకపోతే పచ్చి ఇంజను రామయ్యన్నా. రేసు చెయ్యొద్దు. ఆయిలు మామూలుదే పొయ్యి. మరీ నిండుగా కాకుండా ముప్పాతిక లోడేసి మాత్రం రోజూ పని చేయించు. ఆ క్రోము మహా గట్టిది. లైనరుతో కాస్త ఒరుసుకుంటేనే కుదురుకుంటది" అన్నాడు.

చెంచురామయ్య బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి బుద్ధిగా అమ్మకు చెప్పాడు. కొంప మునిగింది అక్కడే.

"పచ్చి ఇంజనంటే ఏందిరా? పొట్ట కోసి, లోపల కొత్తవి పెట్టి, మళ్ళీ మూసినట్టేగా?" అంది పుల్లమ్మ.

"ఒక రకంగా అంతేనమ్మా."

"మరి పచ్చి ఒంటి మీద బరువెయ్యమంటాడేందిరా వాడు? వాళ్ళింట్లో ఆడాళ్ళు కానుపులు కాలేదా?"

చెంచురామయ్యకు ట్రాక్టరంటే ప్రాణం. దానికి నొప్పి తగలకుండా ఉండే సలహా ఎవరిచ్చినా ఆయనకు నచ్చుతుంది. ఆ రోజు నుంచి పథ్యం మొదలైంది. గాలి తగలకుండా కొట్టానికి గోనెపట్టాలు కట్టారు. బానెట్టు మీద రగ్గు కప్పారు. బరువు లేదు, దున్నకం లేదు. పొద్దునా సాయంత్రం స్టార్టు చేసి, ఇంజను గురక పెట్టినట్టు మెల్లగా తిరుగుతుంటే చెంచురామయ్య పక్కన మంచం వేసుకుని కూర్చునేవాడు. ఆ శ్రద్ధలో పదో వంతు తన రెండు కానుపుల్లో చూపించలేదని కోటిరత్నం చాలామందికి చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. పుల్లమ్మ ఒకనాడు సీసాతో ఆముదం తెచ్చింది. "పొయ్యిరా. లోపలంతా మెత్తబడుద్ది" అంది. చెంచురామయ్య ఆలోచించాడు. జారుడు ఎంత ఎక్కువ ఉంటే ఒరిపిడి అంత తక్కువ, ఒరిపిడి తక్కువైతే అరుగుదల ఉండదు. ఈ లెక్కలో తప్పెక్కడుందో ఆయనకు కనిపించలేదు. పోశాడు.

తప్పు ఉంది. కొత్త రింగు, కొత్త లైనరు మొదట్లో ఒకదాన్నొకటి కాస్త గీరుకోవాలి. గరుకులు అరిగి రెండూ అతుక్కున్నట్టు కూర్చోవాలి. ఆ తరవాతే మధ్యలో పల్చటి ఆయిలు పొర నిలుస్తుంది, ఏళ్ళ తరబడి రెంటినీ కాపాడుతుంది. బరువు లేకుండా, ఆముదంలో తేలుతూ తిరిగితే రెండూ పరాయివాళ్ళలా పక్కపక్కన జారిపోతాయే గానీ కలవవు. సందులోంచి ఆయిలు పైకెక్కి కాలిపోతుంది. పొగ వస్తుంది. పొగ వస్తే చెంచురామయ్య బెంగ పడి ఇంకాస్త ఆముదం పోసేవాడు. అప్పుడు ఇంకాస్త పొగ వచ్చేది.

అది బయటికి చెప్పుకోలేని బాధ. ఎందుకంటే పేట నుంచి వచ్చిన రోజే ఆయన టీకొట్టు దగ్గర నిలబడి, "క్రోము రింగులు. బీడీ అంత పొగ కూడా రాదు" అని అందరికీ చెప్పాడు. ముఖ్యంగా యలమందకు చెప్పాడు. యలమంద పడమటి బజారు రైతు, వరసకు బావ. ఆయన ట్రాక్టరు వీధిలోకి వస్తే పొగకు వెనకున్న ఇళ్ళు కనపడవు. దాన్ని చూసి చెంచురామయ్య నవ్వని రోజు లేదు.

సరే, మళ్ళీ మబ్బు పట్టిన పొద్దుటికి వద్దాం.

"ఏమయ్యా, ట్రాక్టరు కల్లానికి తోలు" అంది కోటిరత్నం.

"ఇంకో వారం ఆగు. పథ్యంలో ఉంది."

"ఆ మాట మబ్బుకు చెప్పు. ఊళ్ళో బళ్ళన్నీ కిరాయిలకు పోయినయ్యి. యలమందన్న బండి కూడా పత్తి లోడు మీద పోయింది. నేను టిక్కీలు నెత్తినెట్టుకుని గుంటూరు పోనా?"

"నీకు చెప్తే అర్థం కాదు. ఒంట్లో ఎట్టా ఉందో చూపిస్తా, నువ్వే చూడు" అని చెంచురామయ్య ట్రాక్టరు స్టార్టు చేశాడు.

సైలెన్సరులోంచి నీలంగా, చిక్కగా పొగ లేచింది. కొట్టం నిండింది, వాకిలి నిండింది, వీధిలోకి పోయింది. కోటిరత్నానికి మొగుడు కనపడలేదు, గొంతు మాత్రం వినపడుతోంది. అదే సమయానికి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని యలమంద లోపలికి వచ్చాడు. ఆయన ముఖంలో పండగ కనపడింది.

"ఏం బావా, బీడీ అంత పొగ కూడా రాదంటివే. ఇదేంది, చుట్టా?"

న్యాయంగా అయితే అక్కడ నిజం చెప్పేస్తే కథ అయిపోయేది. కానీ ఏడాది పొడుగునా ఎవరిని వెక్కిరించాడో ఆ మనిషి ముందు నిజం చెప్పాలంటే చెంచురామయ్య నాలుక తిరగలేదు.

"ఇది ఇంజను పొగ కాదు బావా. దోమల మందు. నేనే కలిపా" అన్నాడు.

యలమంద నమ్మేవాడు కాదు. కానీ ఎదురింటి వీరమ్మ గోడ మీంచి తల పెట్టి, "నిజమే యలమందా. వారం నుంచీ మా గొడ్లచావిట్లో ఒక్క దోమ లేదు. రామయ్య చల్లగా ఉండాల" అంది. పాపం ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ పొగలో దోమ అన్నది నిలవదు. ఆ ఏడు ఊళ్ళో జ్వరాలు కూడా గట్టిగానే ఉన్నాయి.

యలమంద ముఖంలో పండగ పోయి రోషం వచ్చింది.

"అట్టాగా. అయితే తూర్పు బజారుకేనా మందు? పడమటి బజారోళ్ళం మనుషులం కాదా? నేను మేస్టారి దగ్గరే తేల్చుకుంటా" అని వెళ్ళిపోయాడు.

మేస్టారంటే సర్పంచి జయరావు. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, అందరికీ మంచివాడు కాబట్టి సర్పంచి అయ్యాడు. మంచివాడు కావడం వల్లే ఎవరికీ లేదని చెప్పలేడు. క్రిస్మస్ నుంచీ ప్రతి మీటింగులో "దోమల మిషనుకు మండలానికి రాశాను, వస్తుంది" అని చెబుతూనే ఉన్నాడు. అది రావడం లేదు. యలమంద అరుగెక్కి, "మిషనొచ్చిందంట, తూర్పు బజారుకు మాత్రం కొడతన్నారంట" అని నిలదీసేసరికి ఆయన ఒక్క క్షణం తెల్లబోయాడు. రాకరాక వచ్చిన మిషనును రాలేదని చెప్పడం ఎందుకనిపించింది.

"అన్ని బజార్లకూ వస్తుందయ్యా, వరసగా" అన్నాడు. మాట నిలబెట్టుకోవడానికి పంచాయతీ మైకులో కూడా చెప్పేశాడు. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. దోమల నివారణ కోసం పొగ బండి మరికాసేపట్లో అన్ని వీధులకూ వస్తుంది. కిటికీలు, తలుపులు తీసి ఉంచగలరు."

కాసేపటికి చెంచురామయ్య వాకిట్లో సగం ఊరు ఉంది. ముందు జయరావు మేస్టారు, చేతిలో గొడుగు. వెనకే యలమంద, చేతులు కట్టుకుని.

"చెంచురామయ్య గారూ, మీరు చేసిన ఈ సేవ ఊరు మరిచిపోదండి. ఒక్కసారి అన్ని వీధులూ తిప్పండి" అన్నాడు మేస్టారు.

బండికి బాగా లేదని చెంచురామయ్య చెప్పాలంటే ఎదురుగా యలమంద నిలబడి ఉన్నాడు. బండికి బాగుందని చెప్పాలంటే వీధులన్నీ తిరగాలి. ఇంతలో కోటిరత్నం కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. ఆవిడ మబ్బు వైపు ఒకసారి చూసింది, మనుషుల వైపు ఒకసారి చూసింది.

"తిప్పుతాం మేస్టారూ, దానికేం. మా టిక్కీలు కల్లంలో ఉన్నయ్యి. నలుగురూ తలా చెయ్యేసి ట్రక్కుకు ఎత్తితే, బజార్లన్నీ తిరిగి అటు నుంచి అటే గుంటూరు పోతాం. మాకూ పని అయిపోద్ది."

"చాలా సబబుగా ఉందమ్మా" అన్నాడు మేస్టారు. కుర్రకారంతా కల్లం వైపు పరుగెత్తింది.

చెంచురామయ్య పెళ్ళాన్ని పక్కకు లాగాడు. "లోడా? పచ్చి ఇంజనే, చచ్చిపోద్దే అది."

"అయితే అది దోమల మందు కాదు, ఇంజను పొగని యలమందన్నకు చెప్పు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

చెంచురామయ్య వెళ్ళి సీటెక్కాడు.

ఆ ఊరేగింపు నాగులప్పపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు గొడుగుతో మేస్టారు, వెనక ట్రాక్టరు, దాని వెనక టిక్కీలు నిండిన ట్రక్కు, టిక్కీల మీద కోటిరత్నం, తాలుకాయల బస్తా పక్కన పెట్టుకుని. మడ్‌గార్డు పట్టుకుని నడుస్తూ పుల్లమ్మ, చేతిలో ఆముదం సీసా. "మెల్లగారా నాయనా, బాలింత" అంటూనే ఉంది. పొగకు ఎదురుగా జనం తలుపులు తీశారు, మంచాలు తెచ్చి వీధిలో నిలబెట్టారు, గేదెల్ని తోలుకొచ్చి కట్టేశారు. పొగ తమ ఇంటి ముందు సరిగా పట్టలేదని ఒకళ్ళిద్దరు వెనక్కి తిప్పించారు. మేస్టారు ఎవరికీ కాదనలేడు కదా, కాలనీ కూడా తిప్పారు, బడి చుట్టూ తిప్పారు, చర్చి వెనక సందులోకి దూర్చి తీశారు. నల్లరేగడి బాటల దుమ్ములో ట్రక్కు కూరుకుపోతుంటే ఇంజను రొప్పుతూ లాగింది. పొద్దు నడినెత్తికి వచ్చి కిందకు దిగడం మొదలైంది.

మిగిలింది పడమటి బజారు. దానికి పోవాలంటే కాలవ కట్ట ఎక్కి దిగాలి. కట్ట ఎక్కేటప్పుడు ఇంజను అరిచిన అరుపుకు పుల్లమ్మ చెవులు మూసుకుంది. ఒక్కసారి నల్లగా, మేఘంలా పొగ కక్కింది. చెంచురామయ్య కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పేరు పేరునా తలుచుకున్నాడు. కట్ట మీదికి ఎక్కింది. దిగింది.

దిగాక ఏదో మారింది. చెంచురామయ్యకు ఆ తేడా ముందు చెవికి తెలిసింది. ఇంజను గొంతు పూడిన మనిషి తేరుకుని మాట్లాడినట్టు నికరంగా పలుకుతోంది. లోడు ఉందన్న సంగతే మరిచిపోయినట్టు లాగుతోంది. కళ్ళు తెరిచి సైలెన్సరు వైపు చూశాడు. దాని పైన గాలి కాస్త వణుకుతోంది, అంతే. పొగ లేదు.

ట్రాక్టరు సరిగ్గా యలమంద ఇంటి ముందుకు వచ్చేసరికి బీడీ అంత పొగ కూడా లేదు.

చెంచురామయ్య కిందకు దూకాడు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి సైలెన్సరు గొట్టం దగ్గర పట్టి చూశాడు. మరక లేదు. సంతోషంతో ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తువ్వాలు పట్టుకెళ్ళి నేరుగా యలమందకే చూపించాడు.

"చూడు బావా. పొగ లేదు. నీ ఇంటి ముందే ఆగిపోయింది."

సంతోషంలో ఎవరికి ఏం చెబుతున్నాడో ఆయనకు తెలియలేదు. యలమందకు మాత్రం ఒళ్ళు మండింది.

"ఊరంతా కొట్టి, గేదెలకు కొట్టి, మా బజారుకొచ్చేసరికి మందు ఆపి, పైగా తువ్వాలు చూపిస్తావా? ఇక్కడ పొగ పెడితే గానీ బండి కదలదు" అని నులకమంచం ఒకటి తెచ్చి ట్రాక్టరుకు అడ్డం వేసుకుని కూర్చున్నాడు. పడమటి బజారు మొత్తం ఆయన వెనక నిలబడింది.

ఉరిమింది. ఒక చుక్క కోటిరత్నం చేతి మీద పడింది.

మేస్టారు చెంచురామయ్య చెవి దగ్గరకు వచ్చాడు. "చెంచురామయ్య గారూ, నా పరువు మీ చేతుల్లో ఉంది. ఐదు నిమిషాలు, ఒక్క ఐదు నిమిషాలు పొగ ఇప్పించండి."

"ప్రాణమడగండి మేస్టారూ, ఇస్తా. పొగ మాత్రం ఇవ్వను."

"దానికేంరా, ఆముదం ఉందిగా" అంటూ పుల్లమ్మ సీసా మూత తీసింది. కోటిరత్నం టిక్కీల మీంచి దిగిన వేగానికి చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. అత్త చేతిలో సీసా తీసుకుని కాలవలోకి విసిరేసింది. ఆ ఇంట్లో ఆవిడ అత్తకు ఎదురు చేయడం అదే మొదలు.

"అన్నా, నీకు కావాల్సింది పొగేగా?" అంది కోటిరత్నం యలమందతో.

"పొగే. మాకు రావాల్సిన పొగ మాకు రావాల."

కోటిరత్నం యలమంద ఇంట్లోకే వెళ్ళి, పొయ్యిలోంచి బాణలి నిండా నిప్పులు తెచ్చి నడివీధిలో పెట్టింది. తాలుకాయల బస్తా మూతి విప్పింది. రెండు దోసిళ్ళు తీసి నిప్పుల మీద పోసి, చెంగు ముక్కుకు చుట్టుకుని, గబగబా టిక్కీల మీదికి ఎక్కి కూర్చుంది.

నిప్పుల మీద మిరపకాయ లేపే ఘాటు కోరు ఎలా ఉంటుందో గుంటూరు జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. ముందు గొంతులో గరగర, తరవాత తుమ్ము, ఆ తరవాత ఇక మనిషి మనిషిలా ఉండడు. మేస్టారు గొడుగు వదిలేశాడు. జనం తుమ్ముతూ, దగ్గుతూ, ముక్కులు చీదుకుంటూ కాలవ వైపు పరుగెత్తారు. గేదెలు పలుపులు తెంపుకున్నాయి. యలమంద అందరికంటే ఆఖరున లేచాడు, మంచం కూడా చంకన పెట్టుకుని పోయాడు.

"చాలమ్మా కోటిరత్నం, చాలు. మాకు దోమలే నయం" అని కట్ట మీంచి ఆయన గొంతు వినపడింది.

వీధి ఖాళీ అయింది. చెంచురామయ్య దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ట్రాక్టరు గేరులో వేశాడు. వాన వెనకాల వస్తూనే ఉంది, బండి ముందు పోతూనే ఉంది. పేటలో సిలార్ షెడ్డు ముందు ఒక్క నిమిషం ఆపితే సిలార్ బయటికి వచ్చి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"బ్రహ్మాండంగా కుదురుకున్నయ్యి రింగులు. నే చెప్పినట్టు మొదటి నుంచీ లోడు మీదే తిప్పినట్టున్నావే" అన్నాడు. షెడ్డులో ఉన్న మిగతా బళ్ళవాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు.

"ఊళ్ళో వాళ్ళు తిప్పించారులే" అన్నాడు చెంచురామయ్య.

"మరి మొదట కాస్త అరగనియ్యాలన్నా. ఆ మాత్రం ఒరిపిడి లేకపోతే ఎంత క్రోమైనా పనికిరాదు."

"నాకు తెలీదా సిలారూ" అంది కోటిరత్నం టిక్కీల మీంచి. "పెళ్ళయిన కొత్తలో ఈయన్ని కూడా మా అత్త ఏడాది పాటు కాలు కింద పెట్టనీలేదు. నేను పొలంలోకి దింపాకే మనిషయ్యాడు."

చెంచురామయ్యకు ఆ మాటకు కోపం రాలేదు. ఆ రోజు ఆయనకు ఏ మాటకూ కోపం వచ్చేలా లేదు. యార్డు షెడ్డు కింద ఆఖరి టిక్కీ దించుతుండగా పైన రేకుల మీద వాన టపటపమని మొదలైంది. ఒక్క కాయ తడవలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ యార్డు గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు, చెంచురామయ్య ఆవిడ వంతు కూడా తానే కొన్నాడు, ఆవిడ ఆయన వంతు కూడా తినేసింది.

తరవాత కొన్నాళ్ళకు ఊరు సర్దుకుంది. బాలింత కోలుకున్నది తన ఆముదం వల్లేనని పుల్లమ్మ అందరికీ చెప్పుకుంది, కోటిరత్నం కాదనలేదు. మండలం నుంచి దోమల మిషను మాత్రం రాలేదు. జయరావు మేస్టారు మళ్ళీ ఇబ్బందిలో పడి, బాగా ఆలోచించి, ఒక సాయంత్రం యలమంద ఇంటికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో నిఖార్సుగా, ఏ ఆముదం పోయకుండా పొగ పెట్టగల ట్రాక్టరు ఇక ఒక్కటే మిగిలింది మరి. మర్నాడు దానికి కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, అన్ని బజార్లూ తిప్పారు. ఏళ్ళ తరబడి నవ్వులపాలైన ఆ పొగకు జనం ఎదురొచ్చి దండం పెట్టారు. తూర్పు బజారుకు ఆఖరున తోలినందుకు చెంచురామయ్య కూడా ఏమీ అనలేదు.

రింగులు మార్చుకోమని సిలార్ ఎన్నిసార్లు కబురు పెట్టినా యలమంద ఒప్పుకోలేదు, తన ఇంజను బాగుపడితే ఊరు పాడైపోతుందని ఆయన దిగులు.